ఉరుముతున్నా ఆడిస్తున్నారు, కోచ్ గారికి ఎలా చెప్పాలి?

ప్రశ్న: మా బాబుకి 12 ఏళ్లు. వేసవి సెలవుల్లో క్రికెట్ కోచింగ్‌లో చేర్పించాం. రోజూ సాయంత్రం నాలుగు నుంచి ఆరున్నర దాకా ప్రాక్టీసు. పోయిన వారం వాణ్ని తీసుకురావడానికి వెళ్లేసరికి మబ్బు పట్టి ఉరుముతోంది. అయినా నెట్స్ నడుస్తూనే ఉన్నాయి. చినుకులు మొదలయ్యాక పిల్లలందర్నీ గ్రౌండు అంచున ఉన్న పెద్ద చెట్టు కింద నిలబెట్టారు. పది నిమిషాలకి వాన తగ్గితే మళ్లీ మొదలుపెట్టారు. దూరంగా ఉరుములు వినబడుతూనే ఉన్నాయి. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. ఇంటికొచ్చి చెబితే మావారు "మేం వానలో ఆడి పెరగలేదా? వాణ్ని పిరికివాణ్ని చెయ్యకు" అన్నారు. బాబేమో "నువ్వు సార్‌తో మాట్లాడితే నన్ను టీమ్‌లోంచి తీసేస్తారు" అని ఒకటే ఏడుపు. వచ్చే నెల సెలక్షన్లు ఉన్నాయట. కోచ్ గారు మంచివారే, పిల్లలంటే ప్రాణం పెడతారు. ఆయన్ని నొప్పించకుండా ఎలా చెప్పాలి? అసలు నా భయంలో అర్థం ఉందా?
– ఒక తల్లి, ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం

సమాధానం:

అమ్మా, మీ చివరి ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను. మీ భయంలో అర్థం ఉంది. ఆ సాయంత్రం ఉరుములు వినబడ్డాక కూడా ఆట ఆపలేదు. ఆపాక పిల్లల్ని చెట్టు కిందికి చేర్చారు. పది నిమిషాలకే మళ్లీ గ్రౌండులోకి దింపారు. ఈ మూడూ ప్రమాదకరమైన పనులే. ఏమీ జరగలేదు కాబట్టి అక్కడ ఎవరికీ తప్పుగా తోచలేదు. పిడుగుతో వచ్చే చిక్కే అది. నూటికి తొంభైసార్లు ఏమీ కాదు, 'మొన్న కూడా ఇలాగే ఆడాం కదా' అన్న ధైర్యం పేరుకుంటుంది. ఆ ధైర్యం మీద పిల్లల ప్రాణాలు పెట్టకూడదు.

మీవారి మాట కూడా నేను కొట్టిపారెయ్యను. వానలో ఆడడం వేరు, ఉరుముల్లో ఆడడం వేరు. జూలైలో ముసురు పట్టినప్పుడు ఉరుము లేని వానలో పిల్లలు ఫుట్‌బాల్ ఆడుకుంటే నాకు ఆనందమే. బురదలో జారితే మోకాలు చెక్కుకుపోతుంది, మందు రాస్తే తగ్గుతుంది. కానీ ఏప్రిల్, మే నెలల సాయంత్రాల సంగతి అలా కాదు. పగలంతా నేల కాగి ఉంటుంది, సముద్రం మీద నుంచి తేమ గాలి వస్తుంటుంది. మధ్యాహ్నం దాటేసరికి పడమటి కొండల మీద మబ్బులు నిలువుగా ఎదిగి, సాయంత్రానికి ఈదురుగాలితో తీరం వైపు వచ్చి పడతాయి. ఈ రోజుల్లోనే ఉత్తరాంధ్ర పల్లెల్లో పొలం పనుల్లో ఉన్నవాళ్లు, మేకలు కాసుకునేవాళ్లు పిడుగుపాటుకి పోయారన్న వార్తలు ఏటా చదువుతూనే ఉన్నాం. క్రికెట్ గ్రౌండు కూడా అలాంటి బయలే. అందులో అన్నిటికన్నా ఎత్తుగా నిలబడి ఉండేది పిల్లలే.

కోచ్‌లు చాలామంది వానని చూసి ఆట ఆపుతారు. పిచ్ తడుస్తుంది, బంతి తడుస్తుంది, జారిపడతారు అన్న లెక్క అది. ఆపాల్సింది వానకి కాదు, ఉరుముకి. పిడుగు వాన పడుతున్న చోటే పడాలని లేదు. మబ్బుకి పది కిలోమీటర్ల అవతల, చినుకు కూడా పడని చోట పడగలదు. నెత్తిమీద ఆకాశం తేటగా ఉండి, సింహాచలం కొండ వైపు మాత్రమే నల్లగా ఉన్నా సరే, ఉరుము చెవిన పడిందంటే మీరు దాని అందుబాటులో ఉన్నట్టే. ఉరుము శబ్దం మామూలుగా పది పదిహేను కిలోమీటర్లకి మించి వినబడదు. పైగా మన ఊళ్లో కొండలు అడ్డు, ట్రాఫిక్ హోరు, బీచ్ వైపైతే కెరటాల చప్పుడు. వినబడేసరికే అది బాగా దగ్గరికి వచ్చి ఉండొచ్చు.

మెరుపుకీ ఉరుముకీ మధ్య సెకన్లు లెక్కపెట్టే పద్ధతి గురించి మీరు వినే ఉంటారు. శబ్దం కిలోమీటరు దూరం రావడానికి సుమారు మూడు సెకన్లు పడుతుంది. మెరిసిన 30 సెకన్లలోపు ఉరుము వినబడితే పిడుగు పది కిలోమీటర్లలోపే ఉందని అర్థం, వెంటనే లోపలికి వెళ్లాలి. ఆఖరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగాకే బయటికి రావాలి. క్రీడాసంస్థలు చాలాకాలంగా చెబుతున్న లెక్క ఇది. అయితే పిల్లల గ్రౌండులో మొదటి భాగాన్ని నేను ఇంకా తేలిక చేస్తాను. లెక్కపెడుతూ నిలబడొద్దు. వినబడిందా, లోపలికి. అంతే. 'అది ఉరుమా, లారీయా' అని వాదన వచ్చినా లోపలికే. రెండో భాగాన్ని మాత్రం అక్షరాలా పాటించాలి. మధ్యలో మళ్లీ ఉరిమితే ఆ 30 నిమిషాలు మళ్లీ మొదటి నుంచి మొదలవుతాయి. వాన తగ్గిందని, ఎండ వచ్చిందని తగ్గించకూడదు. ఉరుముల మబ్బు వెళ్లిపోతూ వెనక నుంచి కొట్టే దెబ్బలు కూడా ప్రాణాంతకమే. 2024 నవంబరులో పెరూ దేశంలో ఒక ఫుట్‌బాల్ మ్యాచ్‌లో రిఫరీ వాతావరణం చూసి ఆట ఆపేశారు. ఆటగాళ్లు గ్రౌండు మీంచి బయటికి నడుస్తుండగా పిడుగు పడి ఒకరు చనిపోయారు, మరికొందరు గాయపడ్డారు. ఆపడం ఒక్కటే చాలదు, అందరూ లోపలికి చేరేంత ముందుగా ఆపాలి.

చెట్టు విషయం కోచ్ గారికి తప్పకుండా చెప్పండి. పిడుగు నేరుగా మనిషి నెత్తిమీద పడడం తక్కువ. చెట్టు మీద పడి, అక్కణ్నుంచి పక్కనున్నవాళ్ల మీదికి దూకుతుంది, లేదా వేళ్ల దగ్గర నేలలోకి దిగి చుట్టూ పాకుతుంది. నేల మీద ఉన్నవాళ్లకి ఒక కాలులోంచి ఎక్కి ఇంకో కాలులోంచి దిగుతుంది. అందుకే ఒకే పిడుగుకి చెట్టు కింద నిలబడ్డ గుంపంతా పడిపోతుంది. పిల్లల్ని తడవకుండా కాపాడాలన్న మంచి ఉద్దేశంతోనే ఆయన వాళ్లని అక్కడికి పంపి ఉంటారు. ఆ చెట్టు కన్నా పిల్లలు తడవడమే మేలు.

మరి ఎక్కడికి పంపాలి? నాలుగు గోడలూ, పైకప్పూ ఉన్న పక్కా గదిలోకి, తలుపులూ కిటికీలూ మూసి. కరెంటు వైరింగు, నీళ్ల పైపులు ఉన్న కట్టడమైతే పిడుగు శక్తి వాటి వెంట నేలలోకి పోతుంది. అందుకే లోపలున్నప్పుడు కుళాయి తిప్పకూడదు, ఛార్జింగ్‌లో ఉన్న ఫోన్ పట్టుకోకూడదు, స్విచ్‌బోర్డుల దగ్గర నిలబడకూడదు. చేతిలో విడిగా ఉన్న ఫోన్‌తో ప్రమాదం లేదు, అది పిడుగుని లాగదు. రేకుల షెడ్డు, టెంటు, గ్యాలరీ మెట్లు, మూడు వైపులా తెరిచి ఉన్న పెవిలియన్ ఇవేవీ రక్షణ కావు. నెట్స్ కట్టే ఇనుప గొట్టాలకీ, గ్రౌండు చుట్టూ ఉండే ఇనుప కంచెకీ, ఫ్లడ్‌లైట్ స్తంభాలకీ దూరంగా ఉండాలి. అద్దాలు ఎత్తేసిన కారు, స్కూలు బస్సు మంచి ఆశ్రయాలే. అక్కడ కాపాడేది టైర్ల రబ్బరు కాదు, చుట్టూ ఉన్న లోహపు తొడుగు. అందుకే ఆటోకీ, బైకుకీ ఆ గుణం లేదు.

ఇక్కడ తల్లిదండ్రులకి ఒక మాట. ఉరుములు మొదలవగానే గేటు దగ్గర హారన్లు మొదలవుతాయి. పిల్లాణ్ని స్కూటర్ వెనక కూర్చోబెట్టుకుని పరుగు తీస్తారు. గదిలో క్షేమంగా ఉన్న పిల్లాణ్ని బయటికి లాగి బీచ్ రోడ్డు మీద తీసుకెళ్లడం ఎంత ప్రమాదమో ఆలోచించండి. మీరూ లోపలికి వచ్చి అరగంట కూర్చోండి.

మన గ్రౌండుల్లో అసలు ఇబ్బంది నియమం తెలియకపోవడం కన్నా చిన్నది. పక్కా గది ఉంటుంది, దానికి తాళం ఉంటుంది. సాయంత్రం నాలుగు దాటితే తాళంచెవి వాచ్‌మన్ దగ్గర, వాచ్‌మన్ టీ కొట్టు దగ్గర. స్కూల్లో వ్యాయామ ఉపాధ్యాయుడిగా (పీఈటీ) పనిచేసినవాడిగా చెబుతున్నాను, కోచ్‌లు పిల్లల్ని చెట్టు కిందికి పంపేది చాలావరకు ఇందుకే. కాబట్టి మీరు కోచ్ గారిని మొదట అడగాల్సింది పిడుగు గురించి కూడా కాదు, తాళంచెవి గురించి. ప్రాక్టీసు నడిచే రెండున్నర గంటలూ ఆ గది తెరిచి ఉండాలి. పిచ్ దగ్గర్నుంచి అక్కడికి పిల్లలంతా చేరడానికి ఎంతసేపు పడుతుందో ఒకసారి నడిపించి చూడాలి. ప్యాడ్లు కట్టుకున్న పిల్లాడికి ఇంకొంచెం ఎక్కువే పడుతుంది. కిట్ బ్యాగులు సర్దుకుంటూ ఆగకూడదు, బ్యాటు ఉన్నచోటే వదిలేసి రావాలి.

కోచ్ గారి వైపు నుంచి కూడా చూద్దాం. మ్యాచ్‌లో అయితే పరిస్థితులు ప్రమాదకరంగా ఉన్నాయనుకుంటే వెంటనే ఆట ఆపాలని క్రికెట్ నియమాల్లోనే ఉంది, ఆ బాధ్యత అంపైర్లది. ప్రాక్టీసులో అంపైరు ఉండడు. ఆట నడపాల్సిన మనిషి, ఆపాల్సిన మనిషి ఒక్కరే. ఒక పక్క సెలక్షన్లు, ఇంకో పక్క ఫీజు కట్టిన తల్లిదండ్రులు 'ఇవాళ కూడా ప్రాక్టీసు లేదా' అని అడగడం, ముందు నలభై యాభై మంది పిల్లలు. ఆ సమయంలో ఆకాశం చూసి నిర్ణయం తీసుకోమంటే ఎవరైనా 'ఇంకో రెండు ఓవర్లు' అనే అంటారు. అందుకే ఆ నిర్ణయం ఆ క్షణానికి వదలకూడదు. ఎండగా ఉన్న రోజునే, అందరూ కూర్చుని, రాసి పెట్టుకోవాలి. అప్పుడు ఆట ఆపింది కోచ్ కాదు, ముందే ఒప్పుకున్న నియమం. ఆయన మీద ఒత్తిడి కూడా తగ్గుతుంది.

ఎలా మాట్లాడాలంటే, వాట్సాప్ గ్రూపులో వద్దు. పిల్లల ముందు వద్దు. ప్రాక్టీసుకి ఓ పావుగంట ముందు వెళ్లండి. వీలైతే మీలాగే ఆలోచించే ఇంకో తల్లినో తండ్రినో వెంట తీసుకెళ్లండి. ఫిర్యాదుగా కాకుండా పని పంచుకుంటామని చెప్పండి. "సార్, మొన్న ఉరుముల రోజు నాకు చాలా భయం వేసింది. ఇంతమంది పిల్లల్ని చూసుకుంటూ ఆకాశం కూడా చూడాలంటే మీకు కష్టం. మేం నలుగురం వంతులు వేసుకుని రోజుకొకరం ఇక్కడే కూర్చుంటాం. ఉరుము వినగానే మీకు చెబుతాం, మీరు విజిల్ వెయ్యండి. ఆ గది తాళం మాత్రం నాలుగింటికే తీయించండి." పిల్లల్ని ప్రాణంగా చూసుకునే మనిషి ఈ మాటకి నొచ్చుకుంటాడని నేను అనుకోను.

వంతు మీద కూర్చున్నవాళ్లకి ఫోన్‌లో రెండు సాధనాలు ఉండాలి. పుణెలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ (ఐఐటీఎం) తయారుచేసిన దామిని యాప్ మీ చుట్టూ 20, 40 కిలోమీటర్ల పరిధిలో ఎక్కడ పిడుగులు పడుతున్నాయో చూపిస్తుంది. వాతావరణ శాఖ రాబోయే కొన్ని గంటలకి ఇచ్చే హెచ్చరికలు కూడా చూడండి. పసుపు రంగు ఉంటే కనిపెట్టుకుని ఉండాలి, నారింజ ఉంటే సిద్ధంగా ఉండాలి, ఎరుపు ఉంటే ఆ రోజు గ్రౌండుకే వెళ్లకూడదు. నన్నడిగితే ఉరుములకి నారింజ హెచ్చరిక ఉన్న సాయంత్రం కూడా పిల్లల ప్రాక్టీసు పెట్టుకోను. రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ ఫోన్లకి పంపే పిడుగు హెచ్చరికల్ని చదవకుండా చెరిపెయ్యకండి. వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియవని మన పెద్దలు అనేవారు. కైలాసగిరి మీద మబ్బుల కదలిక కనిపెట్టే డాప్లర్ రాడార్ తిరుగుతున్న ఊళ్లో వాన రాకడ చాలావరకు ముందే తెలుస్తోంది. కాకపోతే యాప్ మోగలేదు కదా అని ఉరుముని పట్టించుకోకపోవడం కూడదు. యాప్ కన్నా చెవి మాటే పై మాట.

దేవుడు చెయ్యకూడదు గానీ, ఎవరికైనా పిడుగు తగిలితే ఏం చెయ్యాలో గ్రౌండులో కనీసం ఇద్దరికి తెలిసి ఉండాలి. తగిలిన మనిషి ఒంట్లో కరెంటు మిగిలి ఉండదు, ముట్టుకుంటే షాక్ కొట్టదు. ఈ ఒక్క భయంతో దూరంగా నిలబడిపోయి విలువైన నిమిషాలు పోగొట్టుకుంటారు. పిలిస్తే పలకక, ఊపిరి ఆడకపోతే 108కి ఫోన్ చేయించి, వెంటనే ఛాతీ మధ్యలో గట్టిగా, వేగంగా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కుతూ ఉండాలి. సాయం వచ్చేదాకా ఆపకూడదు. ఒకేసారి చాలామంది పడిపోతే మామూలుగా మూలుగుతున్నవాళ్ల దగ్గరికి ముందు వెళ్తాం. పిడుగు విషయంలో తిరగెయ్యాలి. కదలిక లేకుండా చనిపోయినట్టు కనిపిస్తున్నవాళ్ల దగ్గరికే ముందు వెళ్లాలి. ఆగిపోయిన గుండె, శ్వాస వెంటనే సాయం అందితే తిరిగి మొదలయ్యే అవకాశం ఉంటుంది. ఊపిరి తీసుకుంటూ ఉన్నవాళ్లు చాలావరకు బతుకుతారు.

ఏ ఆశ్రయమూ దొరకని చోట, ఉదాహరణకి ఆర్కే బీచ్ ఇసుకలో పరుగు పెట్టిస్తున్నప్పుడు మబ్బు కమ్మితే, రోడ్డు దాటి ఏదైనా భవనంలోకో ఆగి ఉన్న బస్సులోకో వెళ్లిపోవడమే దారి. గుంపుగా ఉండకుండా దూరదూరంగా నడవాలి. నేల మీద పడుకోకూడదు. రెండు పాదాలూ దగ్గరపెట్టి ముడుచుకు కూర్చోవడం అనేది కదిలే దారే లేనప్పటి మాట, దాన్ని రక్షణ అనుకోవద్దు. ఉరిమితే అర్జునుడి పేర్లు తలుచుకోవడం మనకి చిన్నప్పటి నుంచి అలవాటు. తలుచుకోండి, పిల్లలకీ నేర్పండి, లోపలికి నడుస్తూ తలుచుకోమనండి.

వేసవి సెలవుల్లో నాలుగింటికి ప్రాక్టీసు అన్నారు కాబట్టి ఎండ గురించి కూడా చెప్పాలి. రెంటచింతలతో పోలిస్తే మన ఎండ తక్కువే గానీ, ఇక్కడి ఉక్కపోత వేరు. గాలిలో తేమ ఉంటే చెమట ఆరదు, చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. థర్మామీటర్‌లో 35 డిగ్రీలే ఉన్నా పిల్లాడికి వడదెబ్బ తగలొచ్చు. ప్రాక్టీసు ఐదింటికి జరపమనండి, లేదా పొద్దున్నే పెట్టమనండి. కొత్తగా చేరిన పిల్లలకి మొదటి వారం సగం సమయమే ఆట. ప్రతి ఇరవై నిమిషాలకీ, దాహం వేసినా వెయ్యకపోయినా, నీళ్లో ఉప్పేసిన మజ్జిగో తాగించాలి. నీళ్లు అడగడం బలహీనత అనే కోచ్‌లు ఇంకా ఉన్నారు, అది నాకు చాలా బాధ కలిగించే విషయం. పిల్లాడు తడబడుతున్నా, పొంతన లేకుండా మాట్లాడుతున్నా, వాంతి చేసుకున్నా అది అలసట కాదు. నీడలోకి తీసుకెళ్లి, మెడ, చంకలు, గజ్జల దగ్గర ఐసు పెట్టి, ఒళ్లంతా చల్లటి నీళ్లతో తడిపి విసురుతూ 108కి ఫోన్ చెయ్యాలి. వీలైతే నీళ్ల టబ్బులో కూర్చోబెట్టాలి. అంబులెన్సు వచ్చేదాకా చల్లబరచడం ఆపకూడదు. స్పృహ సరిగా లేనివాడి నోట్లో నీళ్లు పొయ్యకూడదు.

తుపానుల గురించి నాకు అంత దిగులు లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌ని చూసిన ఊరు ఇది. పెద్ద తుపాను వస్తుందంటే ఎవరూ పిల్లల్ని గ్రౌండుకి పంపరు. తర్వాతి వారమే జాగ్రత్తగా ఉండాలి. విరిగి వేలాడే కొమ్మలు, ఎగిరొచ్చిన రేకులు, గాజుముక్కలు, తెగిన కరెంటు తీగలు ఉంటాయి. పెద్దవాళ్లు గ్రౌండంతా నడిచి చూశాకే పిల్లల్ని దింపాలి. తీగ కనబడితే దగ్గరికి వెళ్లకుండా కరెంటు వాళ్ల 1912 నంబరుకి చెప్పాలి. ఈదురుగాలి రోజుల్లో నేలలో పాతని గోల్‌పోస్టులు, సైట్‌స్క్రీన్లు పిల్లల మీద పడతాయి, వాటిని కట్టి ఉంచమని అడగండి.

ఇక మీ ఇంటి సంగతి. మీవారిని ఒక సాయంత్రం వంతుకి కూర్చోమని అడగండి. ఈ ఉత్తరం చూపించడం కన్నా అది పనిచేస్తుంది. బాబుకి మాత్రం ఇవాళే చెప్పండి. ఉరుము వినబడితే సార్ చెప్పినా చెప్పకపోయినా బ్యాటు కింద పెట్టి గదిలోకి వెళ్లే హక్కు వాడికి ఉందని, అందుకు ఇంట్లో ఎవరూ కోప్పడరని. పన్నెండేళ్ల పిల్లాడు అందరిముందూ ఆట వదిలి వెళ్లడానికి ఎంత ధైర్యం కావాలో మీవారికి కూడా తెలుసు. ఒక్కడే వెళ్లడం వాడికి కష్టం కాబట్టి, వాడి స్నేహితుల్లో ఇద్దరు ముగ్గురి ఇళ్లతో కూడా మాట్లాడి అందరికీ ఇదే చెప్పించండి.

కోచ్ గారు ఒప్పుకోకపోతే నాలుగు కుటుంబాలు కలిసి కోచింగ్ నడిపేవాళ్లకి రాతపూర్వకంగా ఇవ్వండి. గది తెరిచి ఉంచడం, ఉరుముకి ఆపడం, 30 నిమిషాలు ఆగడం, ఈ మూడే అడగండి, ఇంకేమీ కలపకండి. అప్పటికీ మారకపోతే, లేదా ఈ మాట అడిగినందుకు మీ బాబుని పక్కన పెడితే, వాణ్ని అక్కడ మాన్పించండి. సెలక్షన్లు వచ్చే ఏడాదీ ఉంటాయి. ఈ మాట మీకు కటువుగా అనిపించినా, ఇందులో నేను సర్దుబాటు చెప్పలేను.

రేపే వెళ్లి మాట్లాడండి. ఈ లోపు మబ్బు పట్టిన సాయంత్రాలు బాబుని పంపకండి. కోచ్ గారు ఏమన్నారో, గది తాళం సంగతి ఏమైందో నాకు రాయండి.